చెమట పట్టని కుండ

నా చిన్నప్పుడు మూడో తరగతి నాకెంత నచ్చిందంటే, రెండేళ్లు అందులోనే ఉన్నాను. మూడో ఏడు అయ్యవారికే విసుగొచ్చి ఇంటికి పంపేశాడు. అలా ఖాళీగా దొరికిన నన్ను మా జేజి, అంటే మా నాయనను కన్న తల్లి, పెరటి తోటలో పనికి పెట్టుకుంది.

ఆ ఎండాకాలం మా అమ్మకు నెలలు నిండుతున్నాయి. ఊరవతలి బావి నుంచి ఆమె మోసుకొచ్చే నీళ్లతోనే ఇల్లూ తోటా గడవాలి. కోడలు తోటకు రోజూ నీళ్లు మోయకూడదని జేజి పట్టుబట్టింది. పాత మడులు చెరిపించి ఏడు గుంతలు తవ్వించింది. ఒక్కో గుంత నడుమ కొత్త మట్టికుండను మెడదాకా పాతి, చుట్టూ వంగ నాటి, నేల కనబడకుండా వేరుశనగ పొట్టు పరిచింది. కుండలకు నాపరాయి ముక్కలే మూతలు. నాలుగు రోజులకొకసారి నింపితే చాలు, కుండ చెమర్చి నీళ్లు మెల్లగా వేళ్లకు అందుతాయి.

అయితే కొత్త కుండలు ఆరే దొరికాయి. ఏడో గుంతలో నేను అటక మీది పాత పులుసుకుండను పాతాను. నాలుగో రోజు మూతలు తీస్తే జేజి కుండలు అడుగంటాయి, నాది నిండుగా ఉంది.

"జేజీ, నీ కుండలు తాగుబోతులు. నాది చూడు, ఒక్క చుక్క ముట్టలేదు."

"శానా పొదుపుగాడివిరా నువ్వు" అని ఊరుకుంది.

రెండు రోజులు వీధంతా చెప్పుకు తిరిగాను. మూడో రోజు నా గుంతలో వంగ ఆకులు వేలాడాయి. జేజి నా చెయ్యి పట్టుకుని తన కుండ పక్క మట్టిలో దూర్చింది. చల్లగా, తడిగా ఉంది. నా కుండ పక్కన ఉత్త దుమ్ము.

"నూనే పులుసూ తాగి తాగి దీని ఒళ్లంతా జిడ్డుతో పూడుకుపోయిండాది. ఇంగ చెమట యాడ పడ్తాది?"

"మొదటి రోజే చెప్పొచ్చు కదా" అన్నాను.

"చెప్తే ఇనే ముఖమేనా నీది?"

ఆ పూటే కుమ్మరింటికి పరుగెత్తి కొత్త కుండ తెచ్చాను. నా గుంతలోని మూడు మొక్కల్లో రెండు తేరుకున్నాయి. చెల్లెలు పుట్టే నాటికి వాటికి పిందెలు కూడా దిగాయి.

ఇప్పటికీ ఏ మొక్కకైనా ముందు మట్టిలో వేలు పెట్టి చూస్తాను. ఆ అలవాటు జేజిది, బుద్ధి మాత్రం అమ్మ పుణ్యం. కొత్త కుండ తెచ్చిన సాయంత్రం పరువు నిలబెట్టుకోవాలని, "ఏదేమైనా నా కుండ నీళ్లు వృథా చేయలేదు కదమ్మా" అన్నాను. అమ్మ నడుం పట్టుకుని అరుగు మీద కూర్చుంటూ నా వైపు చూసింది.

"దాసిపెట్టేదానికా రా నేను మోసుకొచ్చింది?"