గాడిదకు ముందు కాళ్లు నేనే

నిన్న సాయంత్రం మా చర్చి క్రిస్మస్ నాటికలో గాడిదకు ముందు కాళ్లు నేనే... ఈ వయసులో, కొత్త మోకాలితో... దేవునికి స్తోత్రం. రాత్రంతా సంతోషంతో నిద్ర పట్టలేదు. ఇది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే పాత కథ చెప్పాలి.

మా చిన్నప్పుడు... మా ఊరు కొత్తగూడ అంటే ఫ్లైఓవర్ కాదు, జొన్నచేలూ రాళ్ల గుట్టలూ. క్రిస్మస్ దగ్గరికి రాగానే, పొద్దుగూకే వేళ, చర్చి పిల్లలమంతా కందిలి లాంతరు పట్టుకుని పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగేవాళ్లం. మరియమ్మ గాడిద మీద బేత్లెహేముకు పోయింది కదా... మాకు నిజం గాడిదను ఎవరిస్తారు? ఇద్దరు పిల్లల మీద మా నాయన గొంగడి కప్పితే అదే గాడిద. మోదుగాకులు చెవులు, జనపనార తోక.

ముందు నిలబడేవాడు మా అన్న యోహాను. వెనక నడుము వంచి, వాడి లాగు పట్టుకుని నడిచేవాడిని నేను. మరియమ్మ మా చెల్లె సుగుణ. పక్కనే నడిచేది... ఎక్కితే గాడిద రెండు ముక్కలయ్యేది మరి.

ఇందులో ఒక పెద్ద అన్యాయం ఉంది. ఏ ఇంటి ముందు ఆగినా, ఆ ఇంటి తల్లి గాడిద నోట్లో ఒక గరిజె, అదే కజ్జికాయ, పెట్టాలి. అది మా ఊరి పద్ధతి. నోరేమో ముందుంది... కొబ్బరీ బెల్లం వాసన, అన్న కరకర నమిలే చప్పుడు మాత్రమే నా దాకా వచ్చేవి. ఇంకొన్ని వాసనలు కూడా వచ్చేవి గానీ, పండగ పూట అవి రాయను.

"అన్నా, జర నాకొకటియ్యి" అని గొంగట్లోంచి అడిగితే, "గాడిదకు ఎనక నోరుంటదారా? సప్పుడు జేయక నడువు. అచ్చే యేడు నువ్వే ముందు" అనేవాడు.

ఆ వచ్చే యేడు రానే లేదు. చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో అద్దాల మేడలు లేచాయి. చర్చి పెద్దదైంది, నాటిక ఆగిపోయింది. అన్న మియాపూర్‌లో స్థిరపడ్డాడు. ఆరో తరగతితో బడి మానేసిన నేను మేస్త్రీనై, ఆ మేడల మెట్లు కట్టీ ఎక్కీ మోకాలు అరగదీసుకున్నాను.

పోయిన క్రిస్మస్‌కు చర్చిలో కుర్చీ దిగి మోకరించలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఎంత భక్తి అనుకున్నారు అందరూ... ఎండాకాలంలో కుడి మోకాలు మార్చారు. ఆ తరువాత నన్ను మళ్లీ నడిపించినవాడు మా అల్లుడు కిరణ్. రాజమండ్రి పిల్లవాడు, ఐటీ ఆఫీసులో టీమ్ లీడర్. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో లాప్‌టాప్ పక్కన పెట్టి నన్ను అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కించేవాడు. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందండి, మావయ్యా" అని రోజూ అదే పాట.

ఈ యేడు యూత్ పిల్లలు పాత నాటిక మళ్లీ వేద్దామన్నారు. గాడిద నడక తెలిసినవాడినని నన్ను పిలిచారు. అలవాటు కొద్దీ వెనక్కి పోయి నిలబడ్డాను. మా అమ్మాయి శాంతి అడ్డం వచ్చింది.

"డాడీ, డాక్టర్ వంగొద్దన్నడు. ఎనక వద్దంటే వద్దు."

"మరి ముందు?"

"ముందంటే నిలబడుడే గని... స్టేజీ మెట్లున్నయ్. పడ్డవంటే మళ్ల దవాఖానే."

అల్లుడు తల గోక్కున్నాడు. "వెనక నేనుంటాలే శాంతీ. పడితే నా మీదే పడతారు."

ఆఫీసులో అంతమందికి ముందుండే మనిషి, నా కోసం వెనక కాళ్లకు ఒప్పుకున్నాడు...

నిన్న చర్చి నిండా జనం. నడిమి దారి బాగానే నడిచాను. మెట్ల దగ్గర కాలు ఆగిపోయింది. ఏ కాలు ముందో గుర్తు రాలేదు. గొంగడి కన్నంలోంచి శాంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కనిపించింది. గాడిద మొండికేసిందని పిల్లలు నవ్వుతున్నారు. అప్పుడు గాడిద వెనక భాగం మాట్లాడింది.

"మావయ్యా... ఎడమ కాలండి."

పాస్టరు అయ్యగారు కూడా బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారట. నేను మాత్రం ఎడమ కాలు వేశాను. తరువాత కుడి... ఎక్కేశాను.

పైన బాలయేసు తొట్టి పక్కన, గరిజె పెట్టడానికి ఎలిశమ్మ పెద్దమ్మను కూర్చోబెట్టారు. మా పాత ఊరివాళ్లలో ఆమే పెద్దది. చూపు తగ్గింది. గాడిద ముందుంటే యోహానే అని ఆమె నమ్మకం. నా నోట్లో గరిజె కుక్కి, మైకు ముందే అంది...

"ఏంరా యోహానూ, ముసలోనివైనా నీ తిండి యావ పోలే. ఎప్పుడు నువ్వే మింగుతవ్. ఇగో, ఎనకున్న తమ్మునికి గూడ ఒకటియ్యి."

నోటి నిండా గరిజె... నేను అన్నను కాదని ఎట్లా చెప్పను? రెండోది తీసుకుని గొంగడి కింద నుంచి వెనక్కి అందించాను. "థ్యాంక్సండి" అని వినిపించింది, తరువాత కరకర. వెనక నుంచి నమిలే చప్పుడు వినడం నాకు అదే మొదటిసారి.

ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే కేకు గుమ్మానికే వస్తోంది. నోట్లో పెట్టి తిట్టే పెద్దమ్మ మాత్రం రాదు... మీ ఊళ్లో గాడిద వేషం ఎవరిది? వెనక కాళ్లవాళ్లు ఎవరైనా ఉంటే సిగ్గుపడకుండా కింద రాయండి.

ఈ సంగతి తెలియవలసిన మా వాళ్లు... శేరిలింగంపల్లిలో మరియమ్మ, అదే, మా చెల్లె సుగుణ. ఆపరేషన్ అయితే ఇగ మంచమే అన్న జహీరాబాద్ దేవదానం బావ. రాజమండ్రి వియ్యంకుడు గారు, ఆయనకు మాత్రం అబ్బాయిది ముఖ్య పాత్ర అని చెప్పండి, ఏ భాగమో వద్దు. ఇక మియాపూర్ యోహానన్న... ఆయనకు ఎవరూ ఫోన్ చేయకండి. లిఫ్టు లేని ఇల్లు. గరిజెల డబ్బా పట్టుకుని, ఎడమ కాలు ముందు పెట్టి, నేనే ఎక్కి చెప్తాను.