అత్తయ్యా, పొయ్యి ఆపేశారా?

ఆ ఆఫీసులో అందరూ ఆమెను అరువులక్క అనేవారు. బట్టలు కుట్టే దుకాణం మీది అంతస్తులో ఉన్న ఆ చిన్న కంపెనీ ఫోన్లలో వాడే యాప్‌లు తయారుచేసేది. ఏళ్ల తరబడి అక్కడ పనిచేస్తూ ఆమె పోగేసిన కోడ్ ముక్కలు ఇన్నీ అన్నీ కావు. తప్పు నంబరు కొడితే పట్టుకునేది ఒకటి, సిగ్నల్ పోయినా రాసింది చెరగకుండా దాచేది ఒకటి, ముసలివాళ్ల వేలికి అందేలా బటన్‌ను పెద్దది చేసేది ఇంకొకటి. ఎవరు అడిగినా, గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటూ తీసి ఇచ్చేసేది. ఆ విషయంలో ఆవిడ చేతికి ఎముక లేదు.

వాటిలో నోటిఫికేషన్ పంపే ముక్క ఒకటుంది. అది పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి ఏదో ఒక మాట రాయాలి కదా. ఆమె మనసేమో ఎప్పుడూ ఇంటి దగ్గర అత్తగారి మీదే ఉండేది. పాలు పొయ్యిమీద పెట్టి పక్కింటావిడతో కబుర్లలో పడితే ఆ పెద్దావిడకు లోకం తెలియదు. గిన్నెలు మాడి బొగ్గయ్యేవి. అందుకే "అత్తయ్యా, పొయ్యి ఆపేశారా?" అని రాసిపెట్టుకుంది. ఆ ముక్కను ఎప్పుడు పరీక్షించినా తన ఫోన్ అదే అడుగుతుంటే నవ్వుకునేది.

పక్క కుర్చీలోని గడ్డమాయన బస్సు టికెట్ల యాప్ చూసేవాడు. మనిషి మంచివాడే గానీ, కాళ్లకింద నిప్పులు పోసినట్టు ఒకటే తొందర. బస్సు వేళను ప్రయాణికులకు గుర్తుచేసే పని తగలడంతో ఒకరోజు పొద్దున్నే ఆ ముక్క అరువడిగాడు. లోపలి మాట మార్చడం మరిచాడు. తన ఒక్క ఫోన్‌కే పంపుతున్నాననుకుని యాప్ ఉన్నవాళ్లందరికీ పంపేశాడు.

ముందు ఆమె ఫోనే మోగింది. అత్తయ్య మాట పక్కన బస్సు బొమ్మ కనబడగానే జరిగిందేమిటో ఆమెకు తెలిసిపోయింది. పక్కకు చూస్తే గడ్డమాయన ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

ఇక ఆఫీసు ఫోన్లు ఊపిరి తీసుకోలేదు. తాను ఎవరికి అత్తయ్యనయ్యానో చెప్పమని లారీ డ్రైవరొకడు నిలదీశాడు. బస్సులో సగంమంది ఇళ్లకు ఫోన్లు చేస్తున్నారనీ, ఒకావిడైతే దిగిపోతానంటోందనీ కండక్టరొకడు మొరపెట్టుకున్నాడు.

మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు. "ఈ అత్తయ్య ఎవరు?"

"మా అత్తగారండీ. ఆ మాట నాదే," అంది అరువులక్క.

"పంపింది నేను," అన్నాడు గడ్డమాయన నేల చూస్తూ.

అంతలో ఆమె ఫోన్ మోగింది. అత్తగారు! ఆవిడ ఫోన్‌లోనూ ఆ బస్సు యాప్ ఉంది మరి. కంగారులో వేలు స్పీకరు మీద పడింది.

"అమ్మాయ్, ఇప్పుడే ఆపాను. ఇంకాస్తయితే అడుగంటేది. అక్కడ కూర్చుని నీకెలా తెలిసింది?"

అందరూ వింటుండగానే ఆమె జరిగింది చెప్పింది.

"అంటే ఊరందరినీ అత్తయ్యా అన్నావన్నమాట. ఒక్క అత్తతోనే వేగలేకపోతున్నావు కదే తల్లీ!"

మొదట నవ్వింది మేనేజరే. తరువాత గది గదంతా నవ్వింది.

పొరపాటుకు మన్నించమనీ, పొయ్యి మాత్రం ఒకసారి చూసుకోమనీ ఇంకో సందేశం పంపారు. మధ్యాహ్నానికి ఫోన్ల ధోరణి మారింది. ఒక పెద్దాయన ఇంట్లో పొయ్యి నిజంగానే వెలుగుతోందట, పక్కవాళ్లచేత ఆపించాడట. లారీ డ్రైవరు మళ్లీ చేసి, ఈసారి కాస్త సిగ్గుపడుతూ, తమ ఇంట్లోనూ ఆపలేదని ఒప్పుకున్నాడు.

అరువులక్క గడ్డమాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ముక్కకు తాళం వేసింది. లోపలి మాట మార్చనిదే ఇక అది ఎవరి ఫోన్‌కూ వెళ్లదు. ప్రయాణానికి ముందు పొయ్యి, కుళాయి, తలుపు తాళం గుర్తుచేసే సదుపాయం యాప్‌లో ఉండాల్సిందేనని మేనేజరు పట్టుబట్టాడు. అది వచ్చిన వారానికే ఒక తల్లి ఉత్తరం రాసింది: బస్సెక్కాక పిల్లల్ని లెక్కపెట్టుకోమని కూడా చెప్పించండి, మావాళ్లు నలుగురు.

అదెలా కుదురుతుందని గడ్డమాయన తల పట్టుకున్నాడు. అరువులక్క అప్పటికే కుర్చీ ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది.