హమ్రియాలో వణకని చేతులు

హైదరాబాదులో ఉదయం పదింటికి ఎగిరిన విమానం మస్కట్‌లో దిగేసరికి అక్కడి గడియారంలో పన్నెండైంది. నిజానికి ఈ ప్రయాణం మా పెద్ద డాక్టరు గారిది. ఆయనకు అదే వారం ఎక్కడో సన్మానం తగిలింది. అందుకని మెదడు జబ్బుల పరిశోధన కేంద్రంలో ఇరవై ఏళ్లుగా ఫైళ్లు మోస్తున్న నన్ను పంపారు.

పని ఇదీ. వెల్డింగ్ పొగలో మాంగనీస్ అనే లోహం ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే అది మెదడులో చేరి చేతులు వణికించగలదు, నడకను మందగింపజేయగలదు. తెలంగాణ నుంచి వెళ్లి అక్కడ పనిచేస్తున్న వెల్డర్లలో ఈ లక్షణాలు మొదలైనవాళ్లను గుర్తించాలి. దొరికినవాళ్లకు మా దగ్గర స్కానింగూ వైద్యమూ ఉచితం. పైగా జబ్బు పనివల్ల వచ్చి ఉండొచ్చని చెప్పే కాగితం ఒకటి పరిహారం అడగడానికి చేతిలో ఉంటుంది.

విమానాశ్రయం బయటే ఊళ్లోని రూవి పేటకు బస్సు దొరుకుతుంది. అర రియాల్ టికెట్టు. టాక్సీవాళ్ల పిలుపులకు లొంగకండి. బస్సులో నా పక్కన ఇళ్లలో పనిచేసే కడప మనిషి కూర్చుంది. నేనొచ్చిన పని చెబితే నా సంచీ వంకా నా వంకా చూసింది.

"ఎవురూ చెప్పర్లేక్కా. ఈడ జబ్బుందని తెలిస్తే ఇంటికి పంపిస్తారు" అంది.

"మేం కంపెనీవాళ్లం కాదమ్మా" అన్నాను. నాకేమో ఆమెది చదువురాని మాట అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది.

రూవిలో చిన్న హోటల్లో గది తీసుకున్నాను. పక్క వీధిలో దోసె బాగుంటుంది, సాంబారు మాత్రం తీపి. మర్నాడు శుక్రవారం, అందరికీ సెలవు. తొమ్మిదింటికి నడుచుకుంటూ పక్కపేట హమ్రియా చేరాను. జగిత్యాల వైపు వెల్డర్లు ఎనిమిది మంది ఉండే గది అది. గది పెద్ద మల్లేశ్ కుర్చీ తుడిచి వేశాడు. నేను కూర్చుని ఫారం తీసి చదవడం మొదలుపెట్టాను. పేరు, వయసు, కంపెనీ, ఫోర్‌మన్ పేరు.

"కంపెనీ పేరు గూడ రాయాల్నా మేడం?"

"ఫారంలో ఉందయ్యా. రాయకపోతే చెల్లదు."

ఆ గడి తీసేద్దామని హైదరాబాదులో ఒకసారి అన్నాను. ఫారం కమిటీలో పాసైపోయింది, ఇక ముట్టుకోకూడదన్నారు. సరే అని నోరు మూసుకున్నాను.

మల్లేశ్ "పది నిమిషాలు మేడం" అని బయటికి వెళ్లి వచ్చాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి నా ముందు కూర్చున్నారు. కాగితం మీద సుడి గీయించాను, వేళ్లు ఆడించమన్నాను, పది అడుగులు నడిపించాను. ఏడో నంబరు గంగారాం, పద్నాలుగేళ్లుగా వెల్డరు. సుడి ముగ్గులా వచ్చింది. అతని చేతుల మీద నిప్పురవ్వ మచ్చ ఒక్కటి లేదు. వేళ్లు ఉల్లిపాయ వాసన కొట్టాయి. ఇవన్నీ చూశాను. చూసి కూడా ఎనిమిదో మనిషిని పిలిచాను, ఆకలేస్తోందని.

మధ్యాహ్నం చేపల పులుసు పెట్టారు. మూలన మంచం మీద ఒకాయన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరని అడిగితే వంటాయన అన్నారు. "నీ చేతి వంట అమృతమయ్యా" అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. సిగ్గరి అనుకున్నాను.

ఆదివారం ఏడింటి బస్సుకు సొహార్ వెళ్లాను, మూడు గంటల ప్రయాణం. అక్కడి రెండు గదుల్లోనూ వణుకు లేదు. లెక్కలన్నీ పెద్ద డాక్టరు గారికి ఫోనులో పంపితే "చాలా బాగుంది" అని జవాబొచ్చింది.

తర్వాతి శనివారం ఒంటిగంటకు తిరుగు విమానం. నా పక్క సీట్లో హమ్రియా వంటాయన! పలకరిస్తే నవ్వాడు. భోజనం వచ్చింది. పెట్టె మీది రేకు పట్టుకోబోతే ఆయన వేళ్లు దానిమీద టపటపా కొట్టుకున్నాయి. నేను తీసిచ్చాను.

"నేను వంటోన్ని కాదక్కా. గంగారాంను. ఆ దినం నా పేరు మీద కూసున్న శంకరే మా వంటోడు."

నేను నా పెట్టె పక్కకు నెట్టి ఆయన వైపు తిరిగాను.

"ఏడాదికోపాలి కంపెనోళ్లు వణుకుందా అని సైట్ల చేతులు చాపమంటరు. హెల్మెట్, మాస్క్ పెట్టుకుంటే ఎవడెవడో ఎవలు చూస్తరు? రెండేండ్ల సంది నా బదులు శంకరే పోతుండు. అట్లనే మీ ముంగట గూడ కూసున్నడు."

"వైద్యం ఉచితమని చెప్పాను కదయ్యా!" నా గొంతు లేచింది. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు.

"చెప్పిన్రు. గని కంపెనీ పేరు ముందుగాల అడిగిన్రు గద."

మంగళవారం డ్యూటీలో వెల్డింగ్ కడ్డీ పట్టుకునే హోల్డర్ ఆయన చేతిలోంచి జారిందట. ఫోర్‌మన్ చూశాడు. సొంత ఇష్టంతో వెళ్లిపోతున్నానని సంతకం పెట్టించుకున్నారు. పంపించేసేటప్పుడు కాగితాలు ఎంత వేగంగా కదులుతాయో చూడండి, నాలుగు రోజుల్లో మనిషి విమానంలో ఉన్నాడు.

సంచీలోంచి తెల్ల కాగితం తీసి సుడి గీయమన్నాను. పెన్ను రెండుసార్లు జారింది. మూడోసారి గీసింది సుడి కాదు, చిక్కుపడ్డ దారం. ఆయన కాగితాన్ని నా వైపు జరిపి అడిగాడు.

"ఇప్పుడు రాసుకుంటరా అక్కా నా పేరు?"

దిగగానే సామాను బెల్టు పక్క నుంచే పెద్ద డాక్టరు గారికి ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "ఉద్యోగంలో ఉన్న వెల్డర్లే మన జాబితాలోకి వస్తారమ్మా. ఈయన మానేశాడుగా. మానేసినవాళ్లకు స్కానింగు ఇవ్వలేం" అన్నారు. గంగారాం నాలుగడుగుల దూరంలో వణికే చేత్తో పెట్టె పట్టుకుని నా మొహమే చూస్తున్నాడు. స్కానింగు కుదరదన్నారని చెప్పాను. ఆయన "పర్వలేదక్కా" అని మెల్లగా గేటు వైపు నడిచాడు. తిట్టినా బాగుండేది.

ఒమన్ శుభ్రమైన దేశం. బస్సులు వేళకు వస్తాయి, మనుషులు దారి చెబుతారు. మీలో ఎవరైనా ఇలాంటి పనిమీద వెళితే ముందు ఆ ఫారంలో కంపెనీ గడి కొట్టేయండి. నేను కొట్టేయలేదు. కేంద్రం ఫైల్లో ఏడో నంబరు గంగారాం ఎదురుగా "వణుకు లేదు" అని ఉంది. ఆ రాత నాదే.