బదిలీ మనిషి ఆపిన పెనాల్టీ

గోపాలపట్నంలో మేము అద్దెకుంటున్న మూడో అంతస్తు బాల్కనీలో నేను తడిసిన వల ఆరేసినప్పుడల్లా కింది వాటా ఆవిడ తలెత్తి అడిగేది.

"ఏటంకుల్, ఏటకి గానీ ఎల్తన్నారేటి? మాకూ రెండు సేపలు పడీయండి."

అది చేపల వల కాదని ఆవిడకు తెలుసు. ఫుట్‌బాల్ గోల్ పోస్టుకు కట్టే వల అని మొదటి సంవత్సరమే చెప్పాను. అయినా అడగడం మానలేదు. నేను నవ్వేవాణ్ణి కాదు. మా తాతగారు పెట్టిన క్లబ్బు వల అది. నవ్వులాటకు ఇచ్చే వస్తువు కాదు.

మా కింది డివిజన్ మ్యాచ్‌లకు మైదానం ఇస్తారు, పోస్టులు ఇస్తారు, అంతే. వలలు ఆడే క్లబ్బే తెచ్చుకోవాలి. చాలా క్లబ్బులు వల లేకుండానే ఆడేస్తాయి. బంతి పోస్టుల మధ్య నుంచి పోయి అవతలి రోడ్డు మీద బస్సుల కింద పడుతుంది, ఎవరో పరిగెత్తుకెళ్లి తెస్తారు. మా క్లబ్బు మాత్రం ఏనాడూ వల లేకుండా ఆడలేదు. చేపల రేవులో వలలు అల్లేవాళ్ల చేత నైలాను తాడుతో అల్లించిన వలలవి. చిరిగినప్పుడల్లా వాళ్లే కూర్చుని ముడులు వేసి ఇచ్చేవారు.

తాతగారిది రేవులో స్టీవ్‌డోర్ కాంట్రాక్టు. ఓడల్లోకి సరుకు ఎక్కించే, దించే కూలీ జట్లు ఆయన కింద ఉండేవి. ఆ జట్లవాళ్లు ఆదివారం సాయంత్రాలు వట్టి కాళ్లతో ఆడే ఆటను చూసి, వాళ్లకు బూట్లు కుట్టించి, తెల్ల కాలరున్న ఎర్ర చొక్కాలు తొడిగి, దానికో పేరు పెట్టి లీగులో చేర్పించారు. తరువాత రేవులోకి కంటైనర్లు వచ్చాయి. జట్లు చేసే పని క్రేన్లు చేయసాగాయి. మా పెదనాన్నలూ బాబాయిలూ కోర్టుకెక్కారు. కాంట్రాక్టు పోయింది, బంగళా పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు బట్టల షాపు ఉంది, మా ఆవిడ అందులో అడుగుపెట్టదు. నేను ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ఇతరుల సరుకులకు కాగితాలు టైపు చేస్తాను. తాతగారి కారు ఆగకుండా లోపలికి పోయిన గేటు దగ్గర ఏ రోజుకా రోజు పాసు తీసుకుని నిలబడతాను. నిటారుగానే నిలబడతాను.

పంపకాల్లో క్లబ్బును ఎవరూ అడగలేదు. అందుకని అది నాకు వచ్చింది.

నేను ప్రెసిడెంటునన్న మాటేగానీ దాన్ని నడిపింది మేస్త్రీ. తాతగారి దగ్గర జట్టు మేస్త్రీగా చేసినాయన కొడుకు. ఒకప్పుడు రైట్ వింగ్‌లో ఆడేవాడు. ఇప్పుడు రేవు గేటు ఎదుట టిఫిన్ బండి పెట్టుకున్నాడు. నాకంటే పెద్దవాడు, అయినా నన్ను బాబూ అనే పిలుస్తాడు. మ్యాచ్ రోజు ఆటగాళ్లందరూ ఆ బండి దగ్గరే ఇడ్లీ తినేవాళ్లు. తెగిన బూట్లను పాత ఊళ్లో ఒక సాయిబుగారు కుట్టి ఇచ్చేవారు. కూలి సంగతి ఎత్తితే, "ముందు గెలిచి రండి, తర్వాత మాట్లాడుకుందాం" అనేవారు. మేము గెలవడం తక్కువ కాబట్టి ఆ మాటలు ఎప్పటికప్పుడు వాయిదా పడేవి.

నేను ఎవరినీ చందా అడగలేదు. అది నాకు చేతకాదు. ఒకసారి ఎలమంచిలి దగ్గర ప్లాట్లు అమ్మే ఒకాయన తనే వచ్చి సీజను ఖర్చంతా పెట్టుకుంటానన్నాడు. చొక్కా ముందు వైపు తన వెంచరు పేరుండాలన్నాడు. వెనక వైపు వేసుకోండి అన్నాను. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

"రొమ్ము మీద పేరుంటే బంతి ముందుకెల్దా బాబూ?" అన్నాడు మేస్త్రీ. ఆ సీజనంతా మరి ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువగా వినబడింది.

మా వాళ్లలో ఒక పాత అలవాటు గురించి ఇక్కడ చెప్పాలి. రేవులో పొద్దున్నే జట్టు హాజరు పిలిచేటప్పుడు ఒకడికి జ్వరమొస్తే వాడి తమ్ముడో బావమరిదో వచ్చి ఆ పేరుకి పలికేవాడు. బదిలీ మనిషి అనేవారు. అన్న కూలి పోకూడదు, జట్టులో అన్న చోటు పోకూడదు, అంతే. తాతగారికి ప్రతి మొహమూ తెలుసు. ఎవరి పేరుకి ఎవరు పలుకుతున్నారో తెలిసే, "ఉన్నాడు" అని ముందుకు సాగేవారట. ఆ అలవాటు క్లబ్బులోకీ వచ్చింది. అన్నకు డ్యూటీ పడితే తమ్ముడు ఆ చొక్కా వేసుకుని ఆడేవాడు. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. అవతలి క్లబ్బులూ అదే చేసేవి.

కిందటి సీజను చివరికి వచ్చేసరికి మా పరిస్థితి ఇది. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పనిచేసే మా కుర్రాళ్లకు షట్‌డౌన్ మరమ్మతు పనులు పడి ఒక మ్యాచ్‌కు జట్టే దిగలేదు. వాకోవర్ ఇచ్చేశాం. రెండోసారి వాకోవర్ ఇస్తే లీగులోంచి తీసేస్తారు. మళ్లీ చేరాలంటే కట్టాల్సిన డిపాజిట్ మా వల్ల అయ్యేది కాదు. పైగా నగరంలో పిల్లల దగ్గర ఫీజులు తీసుకుని ఆట నేర్పే అకాడమీ ఒకటి లీగులో ఖాళీ కోసం కాచుకుని ఉంది. మిగిలింది ఒక్క మ్యాచ్. గెలవక్కర్లేదు. జట్టు దిగితే చాలు. దిగడానికి ఏడుగురు ఉండాలి.

ఆ సాయంత్రం నేనూ మేస్త్రీ వలలు కట్టి వచ్చేసరికి ఆరుగురు బూట్లు తొడుక్కుంటున్నారు. ఏడోవాడు మా గోల్‌కీపరు. అతను ఫ్యాక్టరీ నుంచి ఫోను చేశాడు. తరువాతి షిఫ్టు మనిషి రాలేదట, డబల్ డ్యూటీ వేశారట.

"ఒగ్గటం లేదు బాబూ. గేటు దాటితే రేపు రావొద్దంటన్నారు. తమ్ముణ్ణి పంపినాను. గ్లవుజులూ కార్డూ ఆడికాడున్నాయి."

తమ్ముడు ద్వారకా నగర్‌లో ఒక సెల్‌ఫోన్ల షాపులో సేల్స్‌మన్. షాపు చొక్కా మీదే స్నేహితుడి బైకు దిగాడు. అన్నకంటే ఒక వేలు పొట్టి. మొహం మాత్రం అచ్చు అదే.

"ఆడగలవేట్రా?" అన్నాడు మేస్త్రీ.

"సిన్నప్పట్నించీ అన్నకి బంతులేసింది నానే కదేటి. ఆడికి పడ్డం నేర్పింది నానే."

"మరిప్పుడు నువ్వు పడు."

రిఫరీ లీగు కార్డు మీది అన్న ఫోటో చూసి, మొహం చూసి, తిరిగి ఇచ్చేశాడు. పదకొండు మంది మీద ఏడుగురం ఆడాం. గోల్స్ ఎన్ని పడ్డాయో లెక్కపెట్టడం మేస్త్రీ మధ్యలో మానేశాడు. మా కెప్టెన్, ఆటో నడిపేవాడు, బంతి తెచ్చుకుంటూ, "బావా, ఆ వల ఇంకా కొంచెం గట్టిగా కట్టాల్సిందిరా, అదొక్కటే పని సేత్తంది" అని తమ్ముణ్ణి ఏడిపించాడు. ఆట ముగుస్తుందనగా అవతలివాళ్లకు పెనాల్టీ వచ్చింది. కుర్రాడు ఎడమ పక్కకు పూర్తిగా చాచుకుని దూకి, వేలి కొసలతో బంతిని పోస్టు మీదికి నెట్టేశాడు. అవతలి జట్టు మనుషులు కూడా చప్పట్లు కొట్టారు. మా ఆరుగురూ వాడి మీద పడి దొర్లారు. ఆ ఊపు చూసినవాళ్లెవరైనా కప్పు గెలిచామనుకుంటారు. నిజానికి మేము గెలిచింది లీగులో మా చోటు. ఆ రోజు అలాగే అనుకున్నాను.

విప్పేలోగా జల్లు పడి వలలు తడిసిపోయాయి. ఇంటికి తెచ్చి ఆరేశాను.

కుర్రాడితో పాటు షాపు నుంచి వచ్చిన స్నేహితుడు ఆ పెనాల్టీని ఫోన్లో తీశాడు. తమ్ముడు దాన్ని తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు, కింద తన పేరు రాసుకుని మరీ. అన్న కార్డు మీద ఆడినవాడు అలా పెట్టకూడదని వాడికి తోచలేదు. తోచకపోవడంలో వింత లేదు. వాళ్ల ఇళ్లలో బదిలీకి వెళ్లినవాడు ఆ రోజు బాగా చేస్తే పది మందికీ చెప్పుకుంటాడు. వీడియో ఆ చేతా ఈ చేతా తిరిగి లీగ్ సెక్రటరీ దగ్గరికి చేరింది.

సెక్రటరీ గోదావరి వైపు నుంచి రేవు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడి రిటైరైన పెద్దమనిషి. గ్యాలరీ కింద చిన్న గదిలో కూర్చుంటాడు. నన్ను రమ్మని కబురు పెట్టాడు. నేనూ మేస్త్రీ వెళ్లేసరికి గోల్‌కీపరు గది బయటే ఉన్నాడు. షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు, మెడ మీద ఇంకా మసి ఉంది.

"నానే ఆడేనని సెప్పీయండి బాబూ. డూటీ సంగతి నాను సూసుకుంతాను."

"ఏటి సూసుకుంతావురా?" అన్నాడు మేస్త్రీ. "గేటుకాడ హాజరు మిసను మీద నీ ఏలు నొక్కినావా లేదా? ఆ టయానికి నువ్వు గ్రౌండులో ఉన్నావంటే, మరా ఏలెవుడిదని అడగరేటి?"

అతను పక్కకు తప్పుకుని మాకు దారిచ్చాడు. అతని కాంట్రాక్టరు అప్పటికే మనుషుల్ని తగ్గించడానికి సాకులు చూస్తున్నాడని మా అందరికీ తెలుసు.

లోపల సెక్రటరీ లేచి నిలబడి నాకు కుర్చీ చూపించాడు.

"కూర్చోండి బాబుగారూ. నాకేమన్నా సరదానా చెప్పండి? అడగమన్నారు, అడుగుతున్నానండి."

"అడగండి."

"వీడియోలో మొహం అంత తెలియడం లేదండి. పేరంటారా, కుర్రాళ్లు ఏదో సరదాకి రాసుకున్నారనుకుందాం. ఆడింది అన్నే అని మీరొక్క మాటనండి, ఇక్కడితో మూసేస్తాను. తాతగారి మనవడు చెప్పాక నన్నింకెవరడుగుతారండీ?"

నేను మేస్త్రీ వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు. ఏ మాట చెప్పమంటాడో ఆ వంచిన తలలో నాకు కనబడలేదు.

తాతగారు రోజూ పొద్దున్నే అనే మాట అది. ఉన్నాడు. ఆయన ఆ మాట అంటే అన్న కూలి నిలబడేది, తమ్ముడి చెమట నిలబడేది, ఓడ అనుకున్న వేళకే కదిలేది. ఎవరైనా అడిగితే అడ్డుపడ్డానికి ఆయన వెనకాల రేవంత బలం ఉండేది. నేను అదే మాట అంటే క్లబ్బు ఉంటుంది, బయట మసి మెడతో నిలబడినవాడి ఉద్యోగం రేపో మాపో పోతుంది. అప్పుడు అతనికి ఇంకో పని ఇప్పించే శక్తి నాకు లేదు. క్లియరింగ్ ఆఫీసులో నా కుర్చీకే కాలు ఒకటి వదులైంది.

"ఆడింది తమ్ముడు" అన్నాను. "అన్న డ్యూటీలో ఉన్నాడు. క్లబ్బు తరఫున బాధ్యత నాది."

సెక్రటరీ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అనవసరంగా చెప్పేశారండీ" అన్నాడు. కోపంగా కాదు, ఇంట్లోవాళ్లు అన్నట్టుగా.

ఆరుగురితో దిగినట్టే లెక్క అన్నారు. అది రెండో వాకోవర్. లీగులోంచి మా పేరు తీసేశారు. కార్డు ఇచ్చినందుకు అన్నకు ఒక సీజను నిషేధం వేశారు, లీగులో పేరే లేని తమ్ముణ్ణి వదిలేశారు. ఆడడానికి క్లబ్బే లేనివాడికి నిషేధం ఎందుకని కెప్టెన్ నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వలేదు. సాయిబుగారికి కబురు తెలిసి, కుట్టి ఉంచిన మూడు జతల బూట్లు మేస్త్రీ బండి దగ్గరకే తెచ్చి ఇచ్చి, గెలిచి రండి అనకుండా వెళ్లిపోయారట.

వానలు పడకముందే కాంట్రాక్టరు మనుషుల్ని తగ్గించాడు. అందులో మా గోల్‌కీపరూ ఉన్నాడు. వీడియోతో సంబంధం లేదు, ఊరికే తగ్గించాడు. ఆ సంగతి చెప్పడానికి మేస్త్రీ మా ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగి, చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ గదిలో నేను చెప్పిన నిజం దేన్ని కాపాడిందని అతను అడగలేదు.

మా చోటు అకాడమీకి ఇచ్చారు. వాళ్లకు గోల్‌కీపరు కావలసివచ్చి, ఆ వీడియో చూసే, తమ్ముణ్ణి పిలిచారు. వాడు మేస్త్రీని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మీరొద్దంటే ఎల్నండి బాబూ."

"అన్న ఏమన్నాడు?"

"గ్లవుజులు ఇచ్చీసినాడండి."

"అయితే నన్నడిగేదేముంది? వెళ్లు" అన్నాను. నా కాళ్లకు దండం పెట్టబోతే పెట్టనివ్వలేదు. అది కూడా తీసుకునే హక్కు నాకు ఉందనిపించలేదు.

కొత్త సీజను మొదటి మ్యాచ్ ముందు సెక్రటరీ ఫోను చేశాడు. అకాడమీవాళ్లు తెప్పించుకున్న వలలు ప్రాక్టీసులో రెండు నెలలకే తెగిపోయాయట. మావి ఇస్తారా అని మొహమాటంగా అడిగాడు. అద్దె మాట ఎత్తబోతే వద్దన్నాను. నేనూ మేస్త్రీ బస్సులో మోసుకెళ్లాం. ఎప్పటిలాగే నేను పై తాడు పట్టుకున్నాను, మేస్త్రీ కింద మేకులు కొట్టాడు. నీలం చొక్కా వేసుకున్న తమ్ముడు వచ్చి మా వల ముందు నిలబడి, ఒకసారి లాగి చూసి, వెనక్కి తిరిగి మాకేసి తల ఊపాడు. ఆ చొక్కా ముందు వైపు ఆ ప్లాట్లు అమ్మే ఆయన వెంచరు పేరుంది. మేస్త్రీ దాన్ని చదివాడు. నేనూ చదివాను. ఆట మొదలవకముందే బస్సెక్కాం.

వలలు సీజనంతా అక్కడే ఉంటాయి. బాల్కనీలో ఇప్పుడు మా ఆవిడ వడియాలు పెడుతోంది. ఒకరోజు నేను అక్కడ నిలబడి ఉంటే కింది వాటా ఆవిడ తలెత్తింది.

"ఏటంకుల్, ఈమజ్జెన వల ఆరబెట్టడం లేదు? ఏట ఆపీమన్నారేటి?"

"అవునమ్మా, ఆపమన్నారు."

"మరెప్పుడు ఎల్లమంతారు?"

"ఇంకా చెప్పలేదు" అన్నాను.

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.