కుక్క చట్టిలో పచ్చిపిండి

పచ్చి అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పచ్చివి తింటే ఒంటికి మంచిదని ఎవరైనా మొదలుపెడితే లేచి అవతలికి వెళ్ళిపోతాను. ఈ ముసలిదానికి ఇంత కోపం ఎందుకని మా ఇంట్లో వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళు మా కుక్కను చూడలేదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మాది బెంగళూరు పేటలో పట్టుచీరల వ్యాపారం. వీధివైపు చీరల మూటలు పెట్టే గది, వెనక ఇల్లు, దాని వెనక పెరడు. ఇంటికి పెద్ద మా పెద్దనాన్న. పూటపూటా అందరం వరసగా విస్తళ్ళ ముందు కూర్చుని, ఆయన "ఊ, తినండప్పా" అనేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉండాలి. ఆయన ఆ రోజు బేరాలన్నీ చెప్పి ముగించేసరికి అన్నం చల్లారిపోయేది. ఆయన తమ్ముడైన మా నాన్న, తల నెరిసిన మనిషి, ఆయన కూడా పిల్లలతో పాటు అట్లాగే కూర్చునేవాడు.

పెద్దనాన్నకు ఇంకో పట్టు ఉండేది. బయట ఎవరి చేతి తిండీ ముట్టడు. హోటలు మెట్లెక్కడు. చీరలు కొనడానికి దొడ్డబళ్ళాపురం వెళితే పెద్దమ్మ కట్టిచ్చిన సద్దిమూటే తినేవాడు. నేతగాళ్ళ ఇళ్ళలో ఎండన పడి వచ్చాడని మజ్జిగ తెచ్చిస్తే, అదీ వద్దనేవాడు.

అదే నేమం కుక్కకు కూడా నేర్పాడు. అది చీరల గదికి కాపలా. దొంగలు విషం పెడతారని భయం. బయటివాళ్ళు ఏం వేసినా అది మూతి పెట్టకూడదు. ఇంట్లోవాళ్ళు పెట్టినా ఆయన చెప్పందే తినకూడదు. దానికి పేరంటూ లేదు. మాలో ఎవరినైనా అప్పా అనే పిలుస్తాం కాబట్టి దాన్నీ అప్పా అనేవాళ్ళం. పెద్దమ్మ రాగి సంకటి మజ్జిగలో పిసికి మట్టి చట్టిలో పెడితే, అది చొంగ కార్చుకుంటూ కూర్చుని, ఆయన "తినప్పా" అన్నాకే ముందుకు వచ్చేది. చుట్టాలు వస్తే ఆయన కావాలని ఆలస్యం చేసి ఈ వేడుక చూపించేవాడు. చుట్టాలు మెచ్చుకునేవారు.

ఒక ఎండాకాలం దాని వెంట్రుకలు ఊడిపోసాగాయి. వీపంతా పుండ్లు పడ్డాయి. పెద్దనాన్న జట్కా కట్టించి కంటోన్మెంటులో మిలిటరీ గుర్రాలకు వైద్యం చేసే దొర దగ్గరికి దాన్ని తీసుకుపోయాడు. ఆ దొర దాని నోరు తెరిపించి పళ్ళు చూసి, సంకటి మానేయమన్నాడట. ఇది మాంసం తినే జంతువు, రోజూ కాస్త పచ్చి మాంసం, ఎముకలు పెట్టండి, పిల్లి ఉంటే దానికీ అంతే అన్నాడట.

మా ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తరు. ఇంకెవరైనా అయితే ఆ మాట అక్కడే వదిలేసి, ఇంటికొచ్చి వేపాకు నూరి పూసి, సంకటే పెట్టుకునేవారు. కానీ దొర దగ్గరికి పోతున్నానని మా పెద్దనాన్న పేటంతా చెప్పి వెళ్ళాడు. ఉత్తచేతులతో తిరిగి రావడం ఆయనకు నామోషీ. అందుకని పచ్చి అన్నది ఉంచుకుని మాంసం అన్నది తీసేశాడు. ఆ రాత్రి విస్తరి ముందు కూర్చుని, రేపటి నుంచి కుక్కకు పచ్చి పిండి, పచ్చి క్యారెట్టు అని, కొత్త సంగతి కనిపెట్టినవాడిలా మాకందరికీ చెప్పాడు.

"అడవిలో పులికి ఎవరప్పా సంకటి కెలికి పెట్టేది?"

ఆ పులి అడవిలో క్యారెట్టు తింటుందా అని నాకు నోటిదాకా వచ్చింది. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఆడపిల్లకు చాల్లే అని ఆయనే నన్ను బడి మాన్పించి అప్పటికి కొన్నాళ్ళే అయింది.

మర్నాటి నుంచి కుక్క చట్టిలోకి చన్నీళ్ళతో కలిపిన పచ్చి రాగిపిండి, నానిన శనగలు, క్యారెట్టు తురుము, కొబ్బరి ముక్కలు. మా ఇంటి పిల్లికీ అవే. పాలు కాచకుండా పోయాలి. పిల్లి ఆ పిండిని ఒకసారి వాసన చూసింది, మా అందరి వంకా ఒకసారి చూసింది, గోడెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ మా ఇంట్లో ముద్ద ముట్టలేదు. వెనక సందులో ఎలుకలను పట్టుకుని, ఆ దొర చెప్పిన వైద్యం పూర్తిగా చేసుకుంది.

కుక్కకు ఆ తెలివి లేదు. పెద్దనాన్న తినప్పా అంటే ఆ పిండి తినేది. తిన్నది తిన్నట్టు కక్కేది. లేకపోతే కడుపు ఉబ్బి మూలుగుతూ పడుకునేది. ఇది మొదట్లో ఉండేదేననీ, లోపలి చెడంతా బయటికి పోతోందనీ ఆయన అంగట్లో కూర్చుని చెప్పేవాడు. ఎముకలు తేలి, కాళ్ళు వణికి, పెరట్లో నుంచి వీధి గుమ్మం దాకా రావడానికి దానికి చేతనయ్యేది కాదు. అది చచ్చిపోతోందని చిన్నపిల్లలకు కూడా తెలుస్తోంది.

ఆయన లేనప్పుడు పెద్దమ్మా నేనూ వేడి సంకటి తీసుకుపోయి దాని ముందు పెట్టాం. వాసనకు దాని ముక్కు అదిరింది. మూతి మాత్రం ముందుకు రాలేదు. గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ వేలితో తీసి దాని నోట్లో పెట్టబోతే తల పక్కకు తిప్పుకుంది. నేను తిట్టాను, బతిమాలాను, ఏడ్చాను. సంకటి ఎండిపోయింది.

నాన్న దగ్గరికి పోయి, నువ్వైనా చెప్పు నాన్నా అన్నాను.

"అన్న చెప్పినాడు కదమ్మా. ఆయనకు తెలీకుండా ఉంటాదా?" అని ఆయన కండువా సర్దుకున్నాడు. ఆ కండువా లాగి పొయ్యిలో వేయాలనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దనాన్న వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో అన్నం గిన్నె లేదు. పెరట్లో ఉండే కుక్క చట్టి ఉంది, దాన్నిండా సంకటి, మజ్జిగ. దాన్ని తెచ్చి ఆయన విస్తరి పక్కనే పెట్టింది. మడి కట్టుకుని వడ్డించే చోట, దేవుడి గదికి ఎదురుగా, కుక్క ఎంగిలి చట్టి. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మొదలు దానికి చెప్పండి. దాని పానం పోతా ఉండాది. అది తిన్నాక మీకు వడ్డిస్తా."

అంతవరకూ పెద్దమ్మ ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడటం నేను చూడలేదు. ఆయన ముఖం కందగడ్డ అయింది. చట్టిని కాలితో తోశాడు. లేచి, ఏమీ తినకుండానే అంగడికి పోయాడు. రాత్రి వచ్చాడు, చట్టి అక్కడే ఉంది. అందులో కొత్తగా కెలికిన సంకటి. మళ్ళీ లేచిపోయాడు. మిగిలిన వాళ్ళకు పెద్దమ్మ పక్క గదిలో వడ్డించింది.

వీధి చివరే హోటలు ఉండేది. ఇడ్లీల ఆవిరి మా గుమ్మం దాకా వచ్చేది. ఆయన పోలేడు. తమ్ముడి భార్యను అడగలేడు, అడిగితే నవ్వులపాలు. తాను కుక్కకు ఏ కట్టు కట్టాడో అదే కట్టులో తానూ కూర్చున్నాడు. నాకు ఎంత సంతోషమైందో ఈనాడు చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆయన పెదవులు ఎండిపోయాయి. వచ్చి విస్తరి ముందు కూర్చోలేదు. నేరుగా పెరట్లోకి పోయాడు. పెద్దమ్మ చట్టి తీసుకుని వెనకే వెళ్ళింది. మేమంతా గుమ్మంలో నిలబడ్డాం.

"తినప్పా," అన్నాడు, మా వైపు చూడకుండా.

అది లేవడానికే చాలాసేపు పట్టింది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, సగం సంకటి తిన్నది. తిని, మూతి నాకుకుని, ఇన్నాళ్ళూ దాని దగ్గర కూర్చుని ఏడ్చిన నన్ను దాటుకుని, చట్టి పట్టుకున్న పెద్దమ్మను దాటుకుని, పోయి ఆయన పాదాల మీద తల పెట్టి పడుకుంది. తోక ఆడించింది కూడా.

"చూడు, ఎంత విశ్వాసమో," అన్నాడు మా నాన్న, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ క్షణం నాకు పెద్దనాన్న మీద కంటే ఆ కుక్క మీద ఎక్కువ కోపం వచ్చింది. నాన్న మీద ఇంకా ఎక్కువ వచ్చింది. కుక్క బతికింది. వీపు మీద వెంట్రుకలు మాత్రం మళ్ళీ సరిగా రాలేదు. పిల్లి గోడ మీద నిగనిగలాడుతూ కూర్చునేది, పిలిచినా దిగేది కాదు.

ఆ రాత్రి పెద్దనాన్న మళ్ళీ తన చోట కూర్చున్నాడు. విస్తళ్ళు వేశారు, వడ్డించారు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన బేరాల సంగతి ఎత్తుకున్నాడు. నేను అన్నంలో పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాన్న నా వైపు ఉరిమి చూశాడు. పెద్దనాన్న మాట ఆగిపోయింది. పెద్దమ్మ వచ్చి నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది.