రోహిణి కార్తెలో స్వెట్టరు

గుడివాడలో స్వెట్టరు కొన్న మనిషిని ఎవరైనా అనుమానించాల్సిందే. అందులోనూ రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో. కాలవలు కట్టేసి ఊరంతా దుమ్ము లేస్తున్న ఒక మధ్యాహ్నం పూర్ణచంద్రరావు పాత పంచె కోసం ఇనప్పెట్టె తెరిచాడు. పట్టుచీరల కింద నీలం రంగు స్వెట్టరు ఒకటి, దాని మడతలో మంకీ టోపీ ఒకటి కనబడ్డాయి. రెండూ కొత్తవే, రెండూ ఆయనవి కావు. ఆ ఇంట్లో ఉండే రెండో మనిషి ఆయన భార్య సరోజిని.

ఆయన ఆమెను అడగలేదు. పెట్టె ఎలా ఉన్నదలా మూసేసి, వసారాలో పడక్కుర్చీలో కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టాడు.

అడగకపోవడం ఆయనకు వృత్తి నేర్పిన విద్య. రిటైరయ్యేదాకా రైస్ మిల్లులో ధాన్యం కొనే పని ఆయనది. ముదినేపల్లి నుంచీ పెదపారుపూడి నుంచీ ట్రాక్టర్లు వచ్చి ఆగేవి. పైన బంగారంలాంటి గింజలు, అడుగున తాలూ తప్పా. "తేమ లేదండీ, మా పిల్లల మీదొట్టు" అని రైతు అంటుంటే ఈయన వినేవాడే కాదు. ఇనప గొట్టం బస్తా అడుగుకంటా గుచ్చి, వచ్చిన గింజల్ని పంటి కింద కొరికి చూసి అప్పుడు నోరు విప్పేవాడు. మనిషిని అడిగితే మంచే చెబుతాడు, బస్తాని గుచ్చితే నిజం చెబుతుందని ఆయన నమ్మకం.

ఉద్యోగం వదిలినా గొట్టం వదల్లేదు, అంతే. పుచ్చకాయలవాడు కోసి చూపించిన ముక్క ఆ కాయది కాదేమోనని రెండో వైపు కూడా కోయించేవాడు. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దిగీ దిగకముందే "మనల్ని ఇంత గట్టిగా ఎందుకు పిలిచారంటావు?" అనేవాడు. ఇలాంటి మనిషితో కాపురం చేయడం ఎంత కష్టమో సరోజినిని ఎవరూ అడగలేదు. అడక్కుండానే అందరూ ఆమెను ఓపిక గల ఇల్లాలు అనేవారు. అలా అనడం వల్ల ఎవరికీ పోయేదేమీ లేదుగా.

స్వెట్టరు కనబడ్డాక ఆయనకు మిగతావన్నీ కనబడటం మొదలైంది. ఇంట్లో ఫోను పెట్టుకుని సరోజిని బజారులో ఎస్టీడీ బూత్‌కి వెళ్తోంది. బూత్ నడిపే శోభనాద్రిని మాటల్లో పెట్టి అసలు విషయం లాగాడు.

"పిన్నిగారు చేసేది బెంగాల్ నంబరు బాబాయ్. ఎవరో అబ్బాయితో మాట్లాడతారు. తలుపేసుకుంటారు, మనకేం వినబడదు."

బెంగాల్ అనగానే పూర్ణచంద్రరావుకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. సరోజిని పెద్దమ్మ ఒకావిడ వెనకటికి బెంగాల్లో ఏదో ఆశ్రమం చూసొస్తానని వెళ్ళింది. మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. కాషాయం కట్టి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఈవిడా ఆ దారే పడుతోందా?

పైగా ఈమధ్య ఆయన్ని వంటింట్లోకి పిలుస్తోంది. "గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. కుక్కరు మూడు కూతలు వెయ్యగానే కట్టెయ్యండి" అని చూపిస్తోంది.

"ఇప్పుడివన్నీ నాకెందుకే?"

"నేను లేనప్పుడు పనికొస్తుంది."

ఆ రోజు ఆయనకు అన్నం సయించలేదు. వదిలేసి వెళ్ళిపోతుందన్న భయం మొదటిసారి పేరు పెట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె లేకపోతే ఈ ఇంట్లో తనకు ఏముంది? ఆ మాట ఆమెతో అనొచ్చు. కానీ ఆయన పక్కింటి దేవమ్మ దగ్గరికి వెళ్ళాడు.

దేవమ్మ బందరు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. సరోజినికి ప్రాణస్నేహితురాలు. ఆవిడ కొడుకు సుధీర్ ఎక్కడో దూరాన బ్యాంకులో పనిచేస్తున్నాడని తెలుసు గానీ, ఎక్కడో ఈయన ఎప్పుడూ పట్టించుకోలేదు.

"మా ఆవిడ ఈమధ్య అదోలా ఉంటోందండీ దేవమ్మగారూ. భక్తి ఏమైనా ఎక్కువైందంటారా?"

దేవమ్మ ఆయన మొహం చూసి నవ్వాపుకుంది. "వదిన మీకింకా చెప్పలేదా అన్నయ్యగారూ?" అని, అంతలోనే నాలిక్కరుచుకుని, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయింది. పాల వాసన మాత్రం రాలేదు.

మర్నాడు తెల్లారుతూనే సరోజిని చీర మీద కాన్వాసు బూట్లు వేసుకుని, భుజాలకు పెద్ద సంచీ తగిలించుకుని గుమ్మం దిగింది. అయిపోయింది, ఇవాళే అనుకున్నాడాయన. వీధి మలుపు తిరిగేదాకా ఆగి, స్కూటరు స్టార్టు చేయకుండా నెట్టుకుంటూ వెనకే బయల్దేరాడు. ఆమె బస్టాండు వైపు తిరగలేదు. ఎండిన కాలవ గట్టు మీద చకచకా నడిచి లాకుల దాకా వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం నిలబడి, ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగింది.

ఈయన గబుక్కున టీ కొట్టు చాటుకి తప్పుకున్నాడు. స్కూటరు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది.

"బయటికి రండి," అంది సరోజిని. "ఆ స్కూటరు గుర్తుపట్టలేనిదాన్నా?"

వచ్చాడు. వచ్చి ఆమె సంచీలో చెయ్యి పెట్టాడు. చేతికి గుప్పెడు బియ్యం వచ్చాయి. అలవాటు ఊరుకోదుగా, రెండు గింజలు పంటి కింద వేశాడు. పాతబియ్యమే, తమ ఇంటివే.

"ఎనిమిది కిలోలున్నాయి," అందామె. "బరువు మోస్తూ నడవడం అలవాటు చేసుకుంటున్నాను. దసరాలకి భూటాన్ వెళ్తున్నానండీ. ఒక్కదాన్నే. పదిరోజులుండి వచ్చేస్తాను. దేవమ్మ వాళ్ళ సుధీర్ బెంగాల్లో ఆ సరిహద్దు ఊళ్ళోనే పనిచేస్తున్నాడు, బస్సులూ బసలూ అతనే కనుక్కుని చెబుతున్నాడు."

వచ్చేస్తాను అన్న మాట వినగానే ఆయనకు కాళ్ళలోకి బలం వచ్చింది. బలం రాగానే అనుమానమూ వచ్చింది.

"భూటానా? అక్కడ మనకెవరున్నారు?"

"ఎవరూ లేరు. కొండలున్నాయి, నదులున్నాయి. మనవాళ్ళకి వీసా కూడా అడగరట. ఎవరింటికెళ్ళినా కూర్చోబెట్టి టీ ఇస్తారట."

"ఊరూ పేరూ తెలియనివాళ్ళకి ఊరికే టీ ఎందుకిస్తారు? ఇందులో ఏదో మెలికుంది."

"ఉంటే తాగాక తెలుస్తుంది."

"మరి నేనూ వస్తాగా. ఒక్కదానివే ఎందుకు?"

సరోజిని సంచీ దింపి గట్టు మీద కూర్చుంది.

"కాశీలో మీరంతా గంగలో మునిగితే నేను మెట్ల మీద సంచులు చూశాను. ఊటీలో మీరు పడవెక్కితే నేను గట్టున పెట్టెల మీద కూర్చున్నాను. హంసలదీవిలో సాగరసంగమానికి వెళ్ళినప్పుడు కూడా తువ్వాళ్ళ దగ్గర నేనే. ఎవడో ఎత్తుకుపోతాడని మీ అనుమానం. ఏ ఊరు వెళ్ళినా నేను చూసింది మన సామాన్లే. మీరొస్తే అక్కడా అంతే. ఒక్కసారి నా సంచీ నా భుజాన వేసుకుని, తలెత్తి చూసి రావాలనుందండీ."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయన ఏదో ఒకటి ఎదురు చెప్పేవాడు.

"ఇన్నాళ్ళూ ఒక్కసారైనా అనలేదేం?" అన్నాడు చివరికి.

"మీరు ఒక్కసారైనా అడిగారా?"

ఆమె లేచి సంచీ భుజాలకు తగిలించుకుంది. తను పట్టుకుంటానని చెయ్యి చాపాడు. వద్దంది, అలవాటవ్వాలి కదా అంది. ఆయన స్కూటరు నెట్టుకుంటూ పక్కనే నడిచాడు. పుచ్చకాయని అనుమానించాడు, పెళ్ళిపిలుపుని అనుమానించాడు, ఎక్కడో కొండల్లో ఎవరో ఇచ్చే టీని కూడా అనుమానించాడు. ఈవిడ తన పక్కన సంతోషంగా లేదేమో అన్న అనుమానం మాత్రం ఆయనకు ఎన్నడూ రాలేదు.