సింక్‌ను దాటిన వేగం

దయ్యాల మాటెత్తితే నవ్వేసేవాణ్ని. తాండూరులో బ్రాడ్‌బ్యాండ్ లైన్లు బాగుచేయడం నా పని. తీగ ఉంటే సిగ్నల్ ఉంటుంది, లేకపోతే ఉండదు. నాకు తెలిసిన లోకం అంతే.

ఈ పని నాకు నేర్పింది ఖాజా చాచా. మోడెంలో కనిపించే సింక్ వేగం, అంటే లైను మోయగల గరిష్ఠ వేగం, చూసి మురిసిపోవద్దనేవాడు. దాన్ని పదితో భాగిస్తే సెకనుకు నిజంగా ఎన్ని బైట్లు కదులుతాయో తెలుస్తుంది. అంతకన్నా తగ్గొచ్చు గానీ, సింక్‌ను మించి పోవడం మాత్రం జరగదు. చాచా పోయినేడు చనిపోయాడు.

ఈ వానాకాలం ఒక మధ్యాహ్నం బషీరాబాద్ దారిలోని ఆయన ఇంటికి రమ్మని చాచీ కబురు పెట్టింది. హైదరాబాద్‌లో ఆమె కూతురు నస్రీన్‌కు తల ఆపరేషన్. పాత స్కాన్ వెంటనే కావాలని డాక్టర్ అడిగాడట, అల్లుడు ల్యాండ్‌లైన్‌కు చేసి చెప్పాడు. దాని సీడీ ఇక్కడే ఉండిపోయింది. అరగంట కన్నా ఆగలేమన్నారు. ఆ ఇంట్లో మొబైల్ సిగ్నల్ రాదు, తాండూరు వెళ్లి పంపే వ్యవధి లేదు.

మోడెం చూశాను. పంపే వైపు సింక్ ఒక ఎంబీపీఎస్. అంటే సెకనుకు వంద కేబీ. స్కాన్ చూస్తే నాలుగు వందల ఎంబీ.

"గంట దాటుతది చాచీ. అందదు" అన్నాను. నస్రీన్ నేను ఎత్తుకుని ఆడించిన పిల్ల.

చాచీ ఏడవలేదు. "మీ చాచా గుంజిన తీగ బేటా. బిడ్డ పని ఆగనిస్తడా? నువ్వు పంపు" అంది.

పంపాను. పది నిమిషాల్లో మొత్తం వెళ్లిపోయింది. సింక్ మళ్లీ చూశాను. అదే ఒకటి.

అంతలో ల్యాండ్‌లైన్ మోగింది. స్కాన్ ముట్టిందని, డాక్టర్ చూస్తున్నాడని అల్లుడు చెప్పాడు.

నాకు మనసొప్పక బయటికెళ్లి లైను చూశాను. స్తంభం దగ్గర తీగ తెగి బురదలో పడి ఉంది. నాలుగు రోజుల కిందటే నాపరాళ్ల లారీకి తట్టుకుని తెగిందని పక్కనున్న పాలిషింగ్ యూనిట్ వాళ్లు చెప్పారు.

లోపలికి పరుగెత్తాను. మోడెంలో లైను దీపం ఆరిపోయింది. ఫోన్ ఎత్తితే చప్పుడు లేదు. ఒళ్లు జలదరించింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

నస్రీన్ ఇప్పుడు కులాసాగా ఉంది. నాకు మాత్రం ఆ లెక్క ఈనాటికీ తేలలేదు. కొత్త తీగ వేస్తానని ఎన్నిసార్లు అడిగినా చాచీ ఒప్పుకోదు.

"ఎందుకు బేటా, ఉన్నది చాలు" అంటుంది.